ఒక సీన్‌కు ఒప్పుకుంటే అన్నింటికీ ఒప్పుకున్నట్టేనా?

ప్రశ్న: మాది విజయవాడ. ముంబైలో హిందీ వెబ్ సిరీస్‌లలో నటిస్తున్నాను. ఒక సిరీస్‌లో ముద్దు సీన్‌కు ఒప్పుకున్నాను. తీరా ట్రైలర్‌లో, నేను చేయని పడకగది సీన్‌లో ఎవరి శరీరానికో నా ముఖం అతికించారు. ఆ క్లిప్పులు సోషల్ మీడియాలో తిరుగుతున్నాయి. అడిగితే, ‘నటనను ఎలాగైనా వాడుకోవచ్చు’ అన్న కాంట్రాక్టు మీద సంతకం పెట్టారుగా అంటున్నారు. సిరీస్ ఇంకా విడుదల కాలేదు. ఏం చేయాలి?

జవాబు: మీరు సంతకం పెట్టింది మీరు చేసిన నటనకు. చేయనిదాన్ని మీ ముఖంతో తయారుచేసుకోమని కాదు. అనుష్క శర్మ, దీపికా పదుకోన్, ఆలియా భట్ నిర్మాతలు కూడా అయిన ఈ రోజుల్లోనూ ‘బోల్డ్ పాత్ర ఒప్పుకుంది కదా’ అనే మాటను అనుమతిగా చలామణీ చేయడం అన్యాయం.

క్లిప్పులు తీయించే తొందరలో సాక్ష్యం పోగొట్టుకోవద్దు. ప్రతి లింకు, ఖాతా పేరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్ రికార్డింగ్ చేసి, అసలు ఫైలు ఉంచుకోండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63(4) సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. ఆ తర్వాతే ప్లాట్‌ఫామ్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఫిర్యాదు చేయండి. మార్ఫింగ్ చిత్రాలను తీసేయడానికి 2021 ఐటీ నియమాల్లోని 3(2)(బి) మొదట పెట్టిన గడువు 24 గంటలు, 2026 ఫిబ్రవరి సవరణతో అది 2 గంటలైంది. మామూలు ‘రిపోర్ట్’ బటన్ నొక్కి ఊరుకుంటే ఈ నియమం కింద ఫిర్యాదు చేసినట్టు చూపడం కష్టం.

పోలీసు ఫిర్యాదుకు ముంబైలోనే ఉండాలని లేదు, విజయవాడలో జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) ఇవ్వవచ్చు. రష్మిక మందన్న డీప్‌ఫేక్‌పై 2023 నవంబరులో కేసు పెట్టింది ఢిల్లీ పోలీసులు, 2024 జనవరిలో నిందితుణ్ణి పట్టుకున్నది ఆంధ్రప్రదేశ్‌లో. ఒకరి రహస్యాంగాల చిత్రాన్ని అనుమతి లేకుండా తీయడం, పంచడం నేరమనే ఐటీ చట్టం 66ఇ ఒక్కటే రాయించుకోవద్దు. ఆ శరీరం మీది కాదు కనుక ప్రతివాది వాదనకు సందు దొరుకుతుంది. క్లిప్పులో ఉన్నదాన్ని బట్టి అదే చట్టంలోని 67 (అశ్లీలం) లేదా 67ఏ (లైంగిక చర్యల దృశ్యాలు), పరువు తీయడానికి చేసిన ఫోర్జరీగా భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 336(4) అడగండి.

నిర్మాత మీద అసలు ఆయుధం కాపీరైట్ చట్టం 38బి. పరువుకు భంగం కలిగేలా నటనను వక్రీకరిస్తే ఆపమనవచ్చు, పరిహారం అడగవచ్చు. నిడివి కోసం చేసే కోతలు, కేవలం సాంకేతిక మార్పులు దీని కిందికి రావు. ఇదీ ఎడిటింగే అని వాళ్లు తప్పకుండా అంటారు. అందుకే కాల్ షీట్లు, మీకిచ్చిన స్క్రిప్టు, వాట్సాప్ సందేశాలు దాచండి. విడుదలకు ముందే ఇంజంక్షన్ (ఆపమనే కోర్టు ఉత్తర్వు) అడగాలి, ఆలస్యమే ఇలాంటి కేసులను చంపేస్తుంది. అత్యవసర ఉపశమనం కోరకపోతే వాణిజ్య కోర్టుల చట్టం 12ఏ ప్రకారం ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లమంటారు.

2025 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఐశ్వర్యా రాయ్ బచ్చన్ పేరు, రూపం అనుమతి లేకుండా వాడొద్దని ఉత్తర్వు ఇచ్చింది. ఆ పిటిషన్‌ను అలాగే దింపుకోవద్దు. ఆమె ముఖానికున్న వాణిజ్య విలువ కొత్తగా రుజువు చేయనక్కర్లేదు, మీరు చేయాలి. మీరు గోప్యత, పరువునష్టం, 38బి మీద నిలబడండి.

వచ్చే కాంట్రాక్టుకు రైడర్ (అదనపు షరతుల పత్రం) జతచేయించండి. సీన్ నంబరు, ఎంతవరకు కనిపించవచ్చు, క్లోజ్డ్ సెట్‌లో ఎవరుంటారు, బాడీ డబుల్‌కూ ఏఐకూ విడిగా లిఖిత అనుమతి, ట్రైలర్‌లో స్టిల్స్‌కు మీ ఆమోదం, వాడని ఫుటేజీ చెరిపివేత అన్నీ అందులో ఉండాలి. రైడర్‌కూ కాంట్రాక్టుకూ తేడా వస్తే రైడరే చెల్లుతుందన్న వాక్యం లేకపోతే ఆ కాగితానికి బలం తగ్గిపోతుంది.