చల్లని దేశంలో ఎండ గొడుగులు

ప్రశ్న: విక్టోరియా రాణి కాలపు చిత్రాలలో స్త్రీల చేతుల్లో చిన్న చిన్న గొడుగులు కనిపిస్తాయి. ఎండ అంతగా కాయని ఇంగ్లండులో వాటి అవసరం ఏమిటి? అవి వానకు కూడా పనికి వచ్చేవా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: నల్లగొండ, పాలమూరు ప్రాంతాలలో వేసవి మధ్యాహ్నం ఛత్రి పట్టుకునేది వడదెబ్బ తగలకుండా ఉండడానికి కాబట్టి, మీకు ఈ సందేహం కలగడం సహజమే. ఇంగ్లండు స్త్రీలు భయపడింది వడదెబ్బకు కాదు, ముఖం కమిలిపోతుందని. పొలం పని చేసే స్త్రీ ముఖం ఎండకు నల్లబడుతుంది గనుక, పాలిపోయిన తెల్లని ముఖం కష్టపడనవసరం లేని ఇంటి ఆడపడుచుకు గుర్తుగా చెల్లింది. నెత్తికి కొంగు చుట్టుకుని రోజంతా వంగి నాట్లు వేసే మన ఆడవాళ్ళను తలచుకుంటే, ఆ అందమైన పట్టు గొడుగు వెనుక శ్రమను చిన్నచూపు చూసే ఆలోచన ఉందని చెప్పక తప్పదు.

వానకు అవి పనికి రావు. పట్టుతోనూ, లేసుతోనూ చేసిన ఆ సున్నితమైన గుడ్డ తడిస్తే పాడైపోతుంది. వానకు వేరే గొడుగు ఉండేది. అయితే పనితనం మాత్రం మెచ్చుకోదగినది. గుర్రపు బండిలో వెళ్ళేటప్పుడు పట్టుకునే చిన్న గొడుగుకు కర్ర నడుమ బందు ఉండి, దానిని సగానికి మడిచేవారు. మరికొన్నింటిలో గొడుగు పైభాగాన్ని ఎండ వచ్చే వైపుకు వాల్చుకునే వీలుండేది. పిడులను ఏనుగు దంతంతోనూ చెక్కేవారు. ఇంట్లో చావు జరిగిన స్త్రీలు నల్లని గొడుగే పట్టేవారు. ఊచలకు మొదట తిమింగలం నోటిలోని పలకలను చీల్చి వాడేవారు. 1852లో శామ్యూల్ ఫాక్స్ అనే ఇంగ్లండు తయారీదారు సన్నని ఉక్కును గాడిలా వంచి ఊచలు చేయడంతో, బరువు పెరగకుండానే గొడుగుకు బలం వచ్చింది.

ప్రశ్న: ఆ కాలపు పట్టు గొడుగులు చాలావరకు చీలికలై ఉంటాయని విన్నాను. మా నాయనమ్మ పట్టుచీర ఇంకా చెక్కుచెదరలేదు. తేడా ఎక్కడ ఉంది?
– ఒక నేత కుటుంబ పాఠకుడు, పోచంపల్లి

జవాబు: ఉడకబెట్టి జిగురు తీస్తే పట్టు బరువు దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని మీకు తెలిసిందే. తూకం మీద సాగే వ్యాపారంలో ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి, 19వ శతాబ్దం చివరి దశాబ్దాలలో యూరపు పరిశ్రమలు పట్టుకు తగరపు లవణాలు పట్టించేవి. దానివల్ల బట్ట బరువుగా, ఒత్తుగా తోచేది కానీ, కాలం గడిచేకొద్దీ పోగు పెళుసుబారి చీలిపోయేది. పైగా మీ నాయనమ్మ చీర ఏళ్ళ తరబడి పెట్టెలో, చీకటిలో ఉండి ఉంటుంది. గొడుగు పనే ఎండకు ఎదురు నిలవడం, పట్టును అన్నిటికంటే ఎక్కువగా తినేది కూడా ఆ వెలుగే.