మూతపడిన జన్యువుల గురించి రాసేటప్పుడు

చిరంజీవికి,

రోగనిరోధక కణాల్లో జన్యువులు ఎలా మూతపడతాయో చెప్పే నీ వ్యాసం రెండుసార్లు చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ "ఈజెడ్‌హెచ్2 అనే ప్రోటీన్ జన్యువుల్ని నాశనం చేస్తుంది" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. అది కొట్టెయ్. జన్యువు ఎక్కడికీ పోదు. డీఎన్‌ఏ ఏ హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ దారంలా చుట్టుకుని ఉంటుందో, వాటికి తోకల్లాంటి కొసలుంటాయి. హెచ్3 హిస్టోన్ తోకలో 27వ స్థానంలోని లైసిన్ అనే అమైనో ఆమ్లానికి ఈజెడ్‌హెచ్2 మూడు మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు తగిలిస్తుంది. ఆ గుర్తులు పడ్డచోట జన్యువు మూతపడుతుంది, అంటే ఉన్నచోటే ఉండి పనిచేయడం ఆపేస్తుంది. కణం రెండుగా చీలినా పిల్లకణాలు ఆ మూతని గుర్తుంచుకుంటాయి. ఇంత అద్భుతాన్ని ఒక్క ముక్కలో దాటేస్తే ఎలా?

ఈజెడ్‌హెచ్2 ఉన్న ప్రోటీన్ల కుటుంబానికి పాలీకోంబ్ అన్న పేరెలా వచ్చిందో కూడా రాయి. మగ పండ్ల ఈగకి ముందుకాళ్ల మీదే ఉండాల్సిన దువ్వెన పళ్లలాంటి ముళ్లు వెనక కాళ్లకీ మొలిచాయి, మూసి ఉండాల్సిన జన్యువు తెరుచుకోబట్టి. ఆ కాళ్లు కళ్లముందు కనిపిస్తే పాఠకుడికి సగం విషయం అర్థమైపోతుంది. "జన్యు నిశ్శబ్దీకరణ" లాంటి మాటలతో పనే ఉండదు.

రోగనిరోధక కణాలన్నిటినీ ఒకేసారి పట్టుకురాకు. యాంటీబాడీలు తయారుచేసే వంశంలోని ఒక్క బి కణం వెంట నడువు. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు అది లింఫ్ గ్రంథిలోని జెర్మినల్ సెంటర్‌లో చేరుతుంది. అక్కడ ఈజెడ్‌హెచ్2 బాగా పెరిగి, విభజనకి బ్రేకు వేసే పి21 జన్యువునీ, కణాన్ని యాంటీబాడీలు విడుదల చేసే ప్లాస్మా కణంగా మార్చే బ్లింప్1 జన్యువునీ కొంతకాలం మూసి ఉంచుతుంది. ఆలోగా కణం గబగబా విభజన చెందుతూ తన యాంటీబాడీకి మెరుగులు దిద్దుకుంటుంది. పని కాగానే మూత తీయాలి. తీయకపోతే కణం పరిణతి చెందకుండా విభజన చెందుతూనే ఉంటుంది. లింఫోమాలనే కొన్ని బి కణాల క్యాన్సర్లలో ఈజెడ్‌హెచ్2లోనే మార్పు వచ్చిందని 2010లో బయటపడింది.

అది చదివిన ఉత్సాహంలో నేను దానికి "క్యాన్సర్ ప్రోటీన్" అని పేరు పెట్టేశాను. 2012లో టి కణాలనే మరో రకం రోగనిరోధక కణాలకొచ్చే ల్యూకేమియా అనే రక్త క్యాన్సర్ మీద పరిశోధనలొచ్చాయి. కొందరు రోగుల్లో ఇదే జన్యువు పాడై, మూత వేసేవాళ్లే లేకుండా పోయారు. నా మాట నమ్మినవాళ్లకి తప్పు చెప్పానన్న బాధ ఇంకా పోలేదు. అందుకే ఏ కణం, ఏ దశ అన్నది రాయకుండా ఈ ప్రోటీన్‌ని మంచిదనీ చెడ్డదనీ అనకు.

బి కణం భాగం ముందు రాసి పంపు. టెన్షన్ పడకు, ఆలస్యమైనా పర్లేదు.

ఆశీస్సులతో.