అమీర్‌పేట కోర్సా, ఆదివారం లినక్స్ గ్రూపా?

ప్రశ్న: నల్గొండలో బీఎస్సీ ఎంపీసీఎస్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇద్దరు సీనియర్లు, మా క్లాసు వాళ్లం నలుగురం కలిసి ఆదివారాల్లో లినక్స్ యూజర్ గ్రూపు పెట్టి, జూనియర్లకు లినక్స్ పరిచయం చేయాలనుకుంటున్నాం. నా దగ్గరున్నది 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్ ఉన్న విండోస్ 10 ల్యాప్‌టాప్. నాన్నేమో ఇదంతా టైమ్ వేస్ట్, సెలవుల్లో అమీర్‌పేటలో లినక్స్ కోర్సులో చేర్పిస్తా అంటున్నారు. గ్రూపు వల్ల ఉద్యోగానికి ఉపయోగం ఉందా? ఉంటే ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ముందుగా మీ నాన్నగారి అనుమానం సంగతి. లినక్స్ అంటే విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్. దానికి గిరాకీ ఉందా లేదా అన్నదాంట్లో సందేహం అక్కర్లేదు. ప్రపంచంలోని 500 అత్యంత వేగవంతమైన సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబర్ నుంచి ఉన్నవన్నీ లినక్స్ మీద నడిచేవే. ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదీ లినక్స్ కెర్నలే (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ). క్లౌడ్ సర్వర్లలోనూ దానిదే పెద్ద వాటా. అయితే ఫ్రెషర్‌కు నేరుగా లినక్స్ అడ్మిన్ (సర్వర్లను చూసుకునే) ఉద్యోగం దొరకడం అరుదు. మొదట వచ్చేవి టెక్నికల్ సపోర్ట్, క్లౌడ్ సపోర్ట్, సర్వర్ మానిటరింగ్ లాంటి ఉద్యోగాలు. వాటిలో నైట్ షిఫ్టులు ఉంటాయి, ఇది ఇంట్లో ముందే చెప్పుకోవాలి. అక్కడి నుంచి రెండు మూడేళ్లలో అడ్మిన్, డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్లలోకి ఎక్కించి నడిపే పని), సెక్యూరిటీ వైపు వెళ్లొచ్చు. ఒక్క లినక్స్‌తో బండి నడవదు. ఐపీ అడ్రస్, డీఎన్‌ఎస్, పోర్టులు అర్థమయ్యేంత నెట్‌వర్కింగ్, బాష్‌లోనో (లినక్స్ కమాండ్ల భాష) పైథాన్‌లోనో చిన్న స్క్రిప్టులు రాయగలగడం దానికి తోడవ్వాలి.

ఇక కోర్సా, గ్రూపా? కోర్సు ల్యాబ్‌లో అందరి ముందూ ఒకేలాంటి వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) ఉంటుంది, అన్నీ ముందే సర్ది ఉంటాయి, కమాండ్ కొడితే పని జరుగుతుంది. గ్రూపుకు పదిమంది వస్తే పది రకాల ల్యాప్‌టాప్‌లు వస్తాయి. ఒకదానికి వైఫై రాదు, ఇంకోదానికి డిస్క్ కనిపించదు, మరోదానికి టైమ్ తప్పు చూపిస్తుంది. సపోర్ట్ ఉద్యోగంలో రోజూ చేసే పని ఇదే: ఎదుటివాడి మెషీన్‌లో ఏం తప్పిందో లక్షణాలను బట్టి పట్టుకోవడం. అది ఫీజు కడితే వచ్చేది కాదు. కాబట్టి గ్రూపు ముందు, కోర్సు అవసరమనిపిస్తే తర్వాత. కాకపోతే గ్రూపును సరిగ్గా నడిపితేనే ఈ మాట.

చాలా గ్రూపులకు మొదటి ఆదివారమే ఆదిలో హంసపాదు పడుతుంది. ఉత్సాహంగా అందరి ల్యాప్‌టాప్‌లలో లినక్స్ ఇన్‌స్టాల్ చేయడానికి కూర్చుంటారు, ఎవరిదో ఒకరి డేటా పోతుంది, వచ్చే వారం సగంమంది రారు. అందుకే మొదటి రోజు ఎవరి డిస్క్‌నూ ముట్టుకోవద్దు. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే, నడిపి చూపించండి, చాలు.

దానికి కావలసింది 32 జీబీ పెన్‌డ్రైవ్‌లు రెండు మూడు. వాటిలో వెంటోయ్ (పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ బూట్ చేయించే ఉచిత ప్రోగ్రామ్) వేయండి. ఒకసారి వేస్తే తర్వాత ఐఎస్ఓ ఫైళ్లను (లినక్స్ మొత్తం ఒకే ఫైలుగా డౌన్‌లోడ్ అయ్యేవి) మామూలు ఫైళ్లలా కాపీ చేసుకోవడమే, మళ్లీ మళ్లీ రైట్ చేసే పని లేదు. లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్, ఉబుంటు 24.04, బాగా పాత మెషీన్ల కోసం లుబుంటు, ఈ మూడు డిస్ట్రోలూ (లినక్స్ రకాలు) చాలు. ఒక్కొక్కటి కొన్ని జీబీలు ఉంటుంది కాబట్టి పదిమంది మొబైల్ డేటా తగలేయకుండా ఒక్కరే డౌన్‌లోడ్ చేసి తేవాలి. తెచ్చినవారు షా256 చెక్‌సమ్ (ఫైలు చెడిపోలేదని తెలిపే కోడ్) సరిచూసుకోవడం మరవొద్దు. సగంలో తెగిన డౌన్‌లోడ్ బూట్ అయినట్టే అయి మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది, లోపం ల్యాప్‌టాప్‌దనుకుని గంట వృథా చేస్తారు.

పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టడానికి నొక్కే బూట్ మెనూ కీ కంపెనీని బట్టి మారుతుంది. డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లకు ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12 అయినా, చాలా మోడళ్లలో ముందు ఎఫ్2తో బయోస్‌లోకి (మెషీన్ ప్రాథమిక సెట్టింగులు) వెళ్లి దాన్ని ఆన్ చేయాలి. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌ను బూట్ కానివ్వని రక్షణ) ఉన్న మెషీన్‌లో వెంటోయ్ మొదటిసారి నీలం తెర చూపించి కీ ఎన్‌రోల్ చేయమంటుంది, కంగారు పడక్కర్లేదు. లైవ్‌లో చేసిన మార్పులు రీస్టార్ట్‌తో పోతాయని కొత్తవాళ్లకు ముందే చెప్పండి. వైఫై రాకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. అది దాదాపు ప్రతి మెషీన్‌లోనూ పనిచేస్తుంది. ఆ నెట్‌తోనే డ్రైవర్ మేనేజర్ నుంచి సరైన వైఫై డ్రైవర్ దించుకోవచ్చు.

లైవ్‌లో ఏం చూపించాలి? టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే తెర) మాత్రం వద్దు. యూట్యూబ్ ఆడుతోందా, కాలేజీ ఫలితాల పేజీ తెరుచుకుంటోందా, ప్రింటర్ దొరుకుతోందా, లిబ్రే ఆఫీసులో వాళ్ల రికార్డు ఫైలు సరిగ్గా వస్తోందా, ఇవే వాళ్ల ప్రశ్నలు. తెలుగులో టైప్ చేయడం చూపిస్తే మొహాలు వెలుగుతాయి: ఐబస్ (టైపింగ్ పద్ధతులు మార్చే ప్రోగ్రామ్), దానికి ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ రెండు పద్ధతులూ వస్తాయి. నడవనివి కూడా ఆ రోజే చెప్పేయండి. ట్యాలీ ప్రైమ్, ఫొటోషాప్, ఆటోక్యాడ్ లినక్స్‌లో నేరుగా నడవవు. ఎవరి అన్నయ్యకో డీటీపీ షాపుంటే, పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పని జరిగే ఆ కంప్యూటర్ జోలికి పోనే వద్దు.

పది మంది కూర్చునే చోట ప్లగ్గులు రెండే ఉంటాయి. రెండు జంక్షన్ బాక్సులు తీసుకెళ్లండి. కరెంటు పోయే వేళల్లో ఇన్‌స్టాలేషన్ పెట్టుకోవద్దు, బ్యాటరీ చచ్చిన పాత ల్యాప్‌టాప్ పార్టిషన్ మధ్యలో ఆగిపోతే ఇబ్బంది. ప్రిన్సిపాల్ అనుమతితో కాలేజీ ల్యాబ్ దొరికితే సరే సరి. లేకపోతే జిల్లా గ్రంథాలయంలో అడిగి చూడండి.

రెండో మూడో వారంలో, నిజంగా కావాలన్నవాళ్లకే ఇన్‌స్టాలేషన్. గ్రూపు బాధ్యులు ఇక్కడే గట్టిగా ఉండాలి: బ్యాకప్ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో కళ్లతో చూపించనివాళ్లకు చేయొద్దు. అడ్మిషన్ సర్టిఫికెట్ల స్కాన్లు, అమ్మానాన్నల ఫొటోలు ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉండే ఇళ్లు మనవి. తర్వాత విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే ఏర్పాటు) ఆన్‌లో ఉందా చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ వాళ్ల మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి తీసి కాగితం మీద రాయించండి. బూట్ సెట్టింగులు మారగానే విండోస్ ఆ కీ అడుగుతుంది, అప్పుడు వెతుక్కుంటే కష్టం. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. ఆపకపోతే విండోస్ పూర్తిగా మూతపడదు, లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లోకి రాయడం కుదరదు. తర్వాత విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే సీ డ్రైవ్‌ను కుదించి 40 నుంచి 50 జీబీ ఖాళీ చేయండి. ఇన్‌స్టాలర్‌లో 'ఎరేజ్ డిస్క్' అన్న వరుస కనిపిస్తుంది, అది విండోస్‌తో సహా డిస్క్ మొత్తం తుడిచేస్తుంది. ఆ తెర దగ్గర కొత్తవాళ్లను ఒంటరిగా వదలొద్దు.

ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించకపోతే, కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా కారణం బయోస్‌లో ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ (ఇంటెల్ డిస్క్ సెట్టింగులు) ఆన్‌లో ఉండటం. దాన్ని మామూలు డిస్క్ పద్ధతి ఏహెచ్‌సీఐకి మార్చాలి. కానీ నేరుగా మారిస్తే విండోస్ నీలం తెరతో ఆగిపోతుంది. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో బూట్ అయ్యేలా పెట్టి, అప్పుడు బయోస్‌లో మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, ఆ సెట్టింగు తీసేయాలి. సెక్యూర్ బూట్ ఉన్నచోట డ్రైవర్ల కోసం ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అయ్యాక నీలం తెర కొన్ని సెకన్లే ఉంటుంది. అందులో ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ కొట్టకపోతే వైఫై డ్రైవర్ లోడ్ కాదు. 'ఇన్‌స్టాల్ అయింది కానీ వైఫై పోయింది' అనే ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఉన్నది ఇదే. విండోస్‌లోకి తిరిగి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపించడం ఇంకొకటి. మెషీన్ గడియారంలో లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) పెడుతుంది, విండోస్ దాన్నే భారత సమయమనుకుంటుంది. టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో లినక్స్‌ను స్థానిక సమయం వాడమంటే సరిపోతుంది. పని అయ్యాక టైమ్‌షిఫ్ట్ ప్రోగ్రామ్‌తో సిస్టమ్ స్నాప్‌షాట్ ఒకటి తీసిపెట్టండి, రేపు ఎవరైనా ఏదైనా చెడగొట్టుకుంటే వెనక్కి తేవచ్చు.

మీ ల్యాప్‌టాప్ గురించి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంత పాత మెషీన్లలో చాలావాటికి విండోస్ 11 అధికారికంగా రాదు. ఇది మీ గ్రూపుకు కలిసొచ్చే విషయం, ఎందుకంటే జూనియర్ల ఇళ్లలోనూ ఇలాంటివే ఉంటాయి. 4 జీబీ ర్యామ్‌కు మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ నడుస్తుంది. మెమరీని మింగేది బ్రౌజరే, కాబట్టి ట్యాబులు తక్కువగా తెరవాలి. డబ్బు పెట్టగలిగితే ముందు హార్డ్‌డిస్క్ తీసి 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేయించండి, ర్యామ్ సంగతి తర్వాత. తేడా మీకే తెలుస్తుంది. ర్యామ్ కొనేటప్పుడు అది డీడీఆర్3ఎల్లా, డీడీఆర్4ఆ అని వెనక మూత తీయించి చూసుకోండి, ఒకదాని స్లాటులో ఇంకోటి పట్టదు.

ఆ తర్వాతి ఆదివారాలను కమాండ్లు అప్పజెప్పించుకునే ట్యూషన్‌లా మార్చొద్దు. ఒక్కో వారం ఒక పని పెట్టుకోండి. రెండు ల్యాప్‌టాప్‌లను ఒకే హాట్‌స్పాట్‌కు కలిపి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) వెళ్లడం, ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ వేసి ఫోన్ బ్రౌజర్‌లో మన పేజీ చూడటం, కావాలనే సర్వీసును చెడగొట్టి జర్నల్‌సీటీఎల్ లాగ్‌లో కారణం వెతకడం. ఎర్రర్ రాగానే ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడం కాకుండా, దాన్ని చివరిదాకా చదివే అలవాటు చేయండి. ఏ డిస్ట్రో గొప్పదన్న వాదన మొదలైతే మాత్రం ఆ ఆదివారం అంతటితో సరి, వెంటనే టాపిక్ మార్చేయండి.

తెలుగులో పాఠాలు కావాలంటే ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్‌లో ఉచితంగా దొరుకుతాయి. లినక్స్ ఫౌండేషన్ పరిచయ కోర్సు ఎడ్‌ఎక్స్‌లో ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్‌కే డబ్బు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ చాలా ఏళ్లుగా కాలేజీల్లో ఇలాంటి గ్రూపులను ప్రోత్సహిస్తోంది. వాళ్లను అడిగితే దారి చూపించేవాళ్లు దొరకొచ్చు. లిబ్రే ఆఫీసు, గ్నోమ్ (లినక్స్ డెస్క్‌టాప్) లాంటి వాటి తెలుగు అనువాదాల్లో చేయి వేస్తే, ప్రోగ్రామింగ్ రాని జూనియర్‌కు కూడా చూపించుకోదగ్గ పని దొరుకుతుంది.

ఈ పనులన్నీ రాతలో ఉంచండి. ఏ మోడల్, ఏ లక్షణం, కారణం ఏమిటి, ఎలా పోయింది అని ఒక్కో సమస్యకు నాలుగు వరుసలు రాసి గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే సాధనం) పెట్టండి. రెజ్యూమెలో 'లినక్స్ తెలుసు' అన్న మాటకు విలువ లేదు, ఆ రాతకు ఉంది. ఇంటర్వ్యూలో అడిగేవి కూడా ఇలాంటివే. సర్వర్‌లో డిస్క్ నిండిపోయిందంటే ఏం చేస్తావు? డీఎఫ్ కమాండ్‌తో ఏ పార్టిషనో, డీయూ కమాండ్‌తో ఏ ఫోల్డరో చూస్తానంటే సగం జవాబు. పెద్ద లాగ్ ఫైలు తీసేసినా జాగా రాలేదంటే? ఏదో ప్రాసెస్ దాన్ని ఇంకా తెరిచి పట్టుకుని ఉంది, ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌తో పట్టుకుని ఆ సర్వీసును రీస్టార్ట్ చేయాలి. జాగా ఉన్నా ఫైలు రాయనివ్వడం లేదంటే? ఐనోడ్లు (ఒక్కో ఫైలు వివరాలు ఉండే నమోదులు) అయిపోయి ఉండొచ్చు. మూడో ప్రశ్న దాకా తడబడకుండా వెళ్లినవాళ్లను డిగ్రీ ఏదని పెద్దగా అడగరు.

సర్టిఫికేషన్ ఇప్పుడే వద్దు, ఫైనల్ ఇయర్ రెండో సెమిస్టర్‌లో చూసుకోండి. రాస్తే రెడ్‌హ్యాట్ కంపెనీ లినక్స్ అడ్మిన్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ రాయండి. అది బిట్లు పెట్టే పరీక్ష కాదు, మూడు గంటలు మెషీన్ ముందు కూర్చుని పనులు చేసి చూపించాలి, 300కు 210 రావాలి, మూడేళ్లే చెల్లుతుంది. అందుకే మరీ ముందుగా రాస్తే ఉద్యోగం వెతికే వేళకు గడువు కరిగిపోతుంది. సాధనకు రెడ్‌హ్యాట్ లినక్స్‌తో సరిపోలే ఆల్మాలినక్స్ గానీ రాకీ లినక్స్ గానీ ఉచితంగా వాడుకోవచ్చు.

అప్పటికీ మీ నాన్నగారు కోర్సే అంటే, డబ్బు కట్టకముందు ఇద్దరూ కలిసి వెళ్లి ఒక డెమో క్లాసులో కూర్చోండి. ల్యాబ్‌లో ఒక్కొక్కరికీ విడిగా మెషీన్ ఇస్తారా, రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ మరిచిపోయిన మెషీన్‌ను విద్యార్థి చేతే బాగు చేయిస్తారా, ఎల్‌వీఎం (డిస్క్ జాగా పంచే పద్ధతి), ఎస్‌ఈలినక్స్ (భద్రతా ఏర్పాటు), ఫైర్‌వాల్ సిలబస్‌లో ఉన్నాయా అని అడగండి. ఫీజు మొత్తం ఒకేసారి కట్టమంటే, వంద శాతం ఉద్యోగం గ్యారంటీ అంటే లేచి వచ్చేయండి.