చెట్లు ఎండిపోయాక సరస్సులో నైట్రేట్ ఎందుకు పెరుగుతుందంటే

మీ చిక్కు ఇదే కదండీ: చెక్ దేశపు షుమావా కొండల్లోని ప్లెష్నే సరస్సు గ్రాఫ్‌లో, యాసిడ్ వర్షాలు తగ్గిన చాలా ఏళ్ళకి నైట్రేట్, అల్యూమినియం మళ్ళీ పైకి లేచాయి, డేటా తప్పేమో అని. టెన్షన్ పడకండి, డేటా సరిగ్గానే ఉంది.

2004–2008 మధ్య అక్కడ బెరడు పురుగు స్ప్రూస్ చెట్లను దాదాపు మొత్తం చంపేసింది. మోడుల్ని నరక్కుండా అలాగే వదిలేశారు. బతికున్న చెట్టు మట్టిలోని నైట్రోజన్‌ని వేళ్ళతో లాగేసుకుంటుంది. అది చచ్చాక లాగేవాళ్ళు లేరు. పైగా సూదుల్లాంటి ఆకులన్నీ గోధుమరంగుకి తిరిగి, రాలి, కుళ్ళడం మొదలవుతుంది. అందులోంచి వచ్చే అమ్మోనియంని సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మారుస్తాయి. అసలు కిటుకు ఇక్కడే ఉంది: ఆ మార్పులోనే ఆమ్లం పుడుతుంది. అంటే ఆకాశం నుంచి రాకపోయినా, నేలలోనే తయారవుతోందన్నమాట. గ్రానైట్ మీది పలచటి మట్టిలో ఆ ఆమ్లాన్ని విరిచే కాల్షియం తక్కువ. అందుకే నైట్రేట్ వాన నీళ్ళతో కొట్టుకుపోతూ అల్యూమినియంని కూడా వెంటబెట్టుకెళ్తుంది.

నమ్మకం కుదరకపోతే గ్రాఫ్‌లో, యాసిడ్ వర్షంతో వచ్చే సల్ఫేట్ గీత చూడండి. యాసిడ్ వర్షమే కారణమైతే అదీ పెరగాలి. పొటాషియం కూడా గమనించండి, రాలిన ఆకుల్లోంచి ముందుగా కారేది అదే.

ఇంకొకటి, సరస్సు మధ్య శాంపిల్స్ కన్నా అందులోకి దిగే వాగుల శాంపిల్స్ ముందు పెట్టుకోండి. సరస్సులో నీళ్ళు కలిసిపోయి, కొంత నైట్రేట్ అక్కడే ఖర్చయిపోయి, పెరుగుదల మొద్దుబారి కనిపిస్తుంది.