చెరువు నీళ్లలో ఫంగస్ కనపడాలంటే ఎర వేయాలి

రిజర్వాయర్ నీళ్లు బాటిల్‌లో తెచ్చి మైక్రోస్కోప్ కింద చూస్తే నాచు తప్ప ఏమీ కనపడలేదని, అసలు అక్కడ ఫంగస్ ఉంటుందా అని అడిగారు. ఉంటుందండీ, చాలా రకాలు ఉంటాయి. కాకపోతే నీటి చుక్కలో వెతికితే దొరకవు.

ఎమ్మెస్సీ బోటనీలో నా ప్రాజెక్టు పాఖాల చెరువు మీద. 13వ శతాబ్దంలో కాకతీయులు కట్టించిన చెరువు, చుట్టూ అడవి. మొదటి రెండు వారాలు నేనూ మీలాగే చుక్క తర్వాత చుక్క చూశాను, ఏమీ దొరకలేదు. తర్వాత మా సీనియర్ ఒకాయన నువ్వులు ఉడికించి వేయమన్నారు. ఉడికిన గింజను బ్లేడుతో రెండు ముక్కలు చేసి, చెరువు నీళ్లు పోసిన ప్లేటులో నాలుగైదు వేయాలి. మూడు, నాలుగు రోజుల్లో గింజ చుట్టూ తెల్లటి దూదిలా వస్తుంది. ఆ పోగుల కొసల్లో ఉబ్బిన సంచులుంటాయి. సంచి పగిలి స్పోర్లు (విత్తనాల్లా పనిచేసే సూక్ష్మ కణాలు) బయటికి వచ్చి ఈదుకుంటూ వెళ్లిపోతే అది సాప్రోలెగ్నియా. సంచి మూతి దగ్గరే ముద్దగా గుమిగూడితే అది అక్లియా. చేప గుడ్లకు పట్టే దూది బూజు కూడా ఈ కుటుంబమే. అయితే ఇవి అసలు ఫంగస్ కావు. వీటి కణగోడలో సెల్యులోజ్ ఉంటుంది, బంధుత్వం గోధుమ రంగు నాచులతో. లెక్క రాసేటప్పుడు వీటిని విడిగా రాయండి.

నువ్వులు వేస్తే నువ్వులు తినేవే వస్తాయి. పాము కుబుసం ముక్క వేస్తే అందులోని కెరాటిన్ అనే ప్రొటీన్‌ను తినే కైట్రిడ్‌లు (ఒక రకం సూక్ష్మ ఫంగస్‌లు) రావచ్చు, పుప్పొడి చల్లితే వేరే కైట్రిడ్‌లు. అందుకే ఒక్క ఎర వేసి "ఈ చెరువులో ఇన్నే రకాలు" అని రాయడం నాకు నచ్చదు.

నాకు బాగా ఇష్టమైనవి మాత్రం ఆకుల మీద బతికేవి. ఇంగ్లండ్‌లో ఇంగోల్డ్ అనే శాస్త్రవేత్త 1942లో వాగులో కుళ్లుతున్న ఆకుల మీది ఇలాంటి ఫంగస్‌ల గురించి రాశారు. చాలావాటి స్పోర్లకు నాలుగు చేతులు, అచ్చం పల్లేరుకాయలా. నీళ్లలో కొట్టుకుపోతూ ఎటు తిరిగి తగిలినా మూడు కొసలు ఆకుకు ఆనుతాయి, ఇక జారిపోదు. వీటికి పారే నీళ్లు, ఆక్సిజన్ కావాలి. అందుకే చెరువు మధ్యలో నాకు దాదాపు దొరకలేదు, వాగు వచ్చి కలిసే చోట నానిన టేకు, మద్ది ఆకుల మీద దొరికాయి.

నిలవ నీటి అడుగున ఆకుల్లో ఇంకో జట్టు ఉంటుంది. ఆక్సిజన్ తక్కువైనా నీళ్లలోనే పెరుగుతాయి, స్పోర్లు మాత్రం ఆకుకు గాలి తగిలాకే వేస్తాయి. ఆ స్పోర్లు స్ప్రింగుల్లా చుట్టుకుని లోపల గాలి పట్టి ఉంచుకుంటాయి, కాబట్టి నీళ్లు మళ్లీ పెరిగితే తేలిపోతాయి. ఎండాకాలం నీళ్లు తగ్గి ఒడ్డున బయటపడిన నల్లటి ఆకులు తెచ్చి, తడి కాగితం పరిచిన డబ్బాలో పెట్టి చూడండి.

మే నెలలో నేను వేసిన నువ్వుల ప్లేట్లు చాలావరకు బ్యాక్టీరియా పట్టి కుళ్లాయి, చలికాలంలో వేసినవి చక్కగా వచ్చాయి. కాబట్టి డిసెంబరులో మొదలుపెట్టండి. గింజలు తక్కువ వేసి, రెండో రోజు ఒకసారి నీళ్లు మార్చండి. మార్చడానికి కాచి చల్లార్చిన నీళ్లు వాడండి, కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది.