జపాన్, కొరియా ఆడవాళ్లు: ఇంటిపేరు మారితే, మారకపోతే

చరిత్రలో ఆడవాళ్ల హక్కులు జపాన్‌లో మెరుగా, కొరియాలో మెరుగా అని అడిగారు. ఏ కాలం అన్నదాన్ని బట్టి జవాబు తారుమారవుతుంది. టోక్యోలో నాలుగేళ్లు, సోల్‌లో రెండేళ్లు ఉద్యోగం చేశాను. ఆఫీసు కబుర్లతో మొదలై ఈ చరిత్రంతా వెతుక్కున్నాను.

టోక్యోలో మా పక్క సీటావిడ పెళ్లయ్యాక పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతా, సంతకం బదులు వేసే ముద్ర, అన్నీ మార్పించుకోవడానికి సెలవులు పెట్టింది. భార్యాభర్తలకు ఒకే ఇంటిపేరు ఉండాలని అక్కడ చట్టం. ఎవరిదైనా పెట్టుకోవచ్చు గానీ, నూటికి దాదాపు 95 జంటల్లో మారేది భార్యదే. మనకూ అలవాటే కదా, తరతరాల ఆచారం కాబోలు అనుకున్నాను. తీరా చూస్తే 1898 నాటి సివిల్ కోడ్‌తో వచ్చింది. 1876లో అయితే పెళ్లయినా పుట్టింటి పేరే వాడాలని ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చింది!

సోల్‌లో మా టీమ్ లీడ్‌కు పెళ్లయి పదేళ్లు, అయినా పుట్టింటి పేరే. "మీరే నయం" అన్నాను. నవ్వింది. "అది మర్యాద కాదు. అత్తారి వంశంలో నేను మనిషిని కాదని అర్థం" అంది. చుసొక్ అనే పంటల పండక్కి వంటంతా కోడళ్లదేనట, పెద్దలకు పెట్టేటప్పుడు ముందు నిలబడేది మాత్రం మగవాళ్లు.

అక్కడా మొదట్నుంచీ అలా లేదు. గొర్యో రాజవంశం కాలంలో (918–1392) కూతురికీ ఆస్తిలో సమాన వాటా, పెద్దలకు పెట్టే హక్కూ ఉండేవి. ఇల్లరికం మామూలే. చోసన్ రాజ్యం వచ్చాక కూడా ఆ అలవాటు వెంటనే పోలేదు. చిత్రకారిణి షిన్ సైమ్‌దాంగ్ పెళ్లయ్యాక చాలాకాలం పుట్టింట్లోనే ఉంది, కొడుకు యుల్గొక్ 1536లో అక్కడే పుట్టాడు. (ఇప్పుడు ఆవిడ 50,000 వాన్ నోటు మీద ఉంది, అంత పండితుడైన కొడుకేమో 5,000 నోటు మీద!) 17వ శతాబ్దం నుంచి ఆస్తి పెద్దకొడుకు వైపు జరిగిపోయింది.

జపాన్‌లోనూ కామకురా ఊరి నుంచి ఏలిన సమురాయ్ ప్రభుత్వం 1232లో చేసిన చట్టం ప్రకారం పిల్లల్లేని స్త్రీ దత్తత తీసుకుని తన భూమి ఇచ్చుకోవచ్చు. ఎడో కాలానికి (1603–1868) విడాకుల కాగితం రాసిచ్చేది మొగుడే. ఇవ్వకపోతే కామకురాలోని తొకేజీ సన్యాసినుల మఠానికి పారిపోయి, కొన్నేళ్లు అక్కడుంటే విడుదల దొరికేది. వెళ్లి చూశాను. ఇప్పుడు జనం పూలు చూడ్డానికి వస్తున్నారు.

నాకు మింగుడుపడనిది ఇంకొకటి. ఇంటి పెద్ద పేరు మీద కుటుంబాన్ని నమోదు చేసే పద్ధతిని కొరియాకు తెచ్చింది జపాన్ వలస పాలనే. జపాన్ తన దగ్గర 1947లో దాన్ని తీసేసింది. కొరియాలో 2008 దాకా నడిచింది. మా టీమ్ లీడ్ చిన్నప్పుడు తండ్రి పోతే, కాగితాల్లో ఇంటి పెద్ద అయింది వాళ్లమ్మ కాదు, రెండో క్లాసు చదువుతున్న తమ్ముడు.