తెర మీద ఎర్రగా కనబడేది కవళ్ళో కానాగంతలో తెలుస్తుందా?

కొత్తపట్నంలో మీ నాన్నగారి ఫైబర్ బోటుకి ఫిష్ ఫైండర్ (శబ్దంతో చేపల్ని తెర మీద చూపే మెషీన్) కొందామనుకుంటున్నారు. చేపల గుంపు కవళ్ళదో కానాగంతలదో, ఎంత ఉందో అది చెబుతుందా అని అడిగారు. గుంపు ఉందని, ఏ లోతులో ఉందని చెబుతుంది. ఏ చేపో మాత్రం ఆ మెషీన్ ఒక్కటే చెప్పలేదు. ముత్తుకూరు ఫిషరీ కాలేజీలో చదువుకుని, తర్వాత జువ్వలదిన్నె, రామాయపట్నం బోట్లలో ఈ తెరలు చూస్తూ తిరిగినవాణ్ణి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

బోటు అడుగున పెట్టే ట్రాన్స్‌డ్యూసర్ మన చెవికి అందని శబ్దాన్ని కిందికి పంపుతుంది. సముద్రపు నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. 20 బారల (సుమారు 36 మీటర్ల) లోతులో నేలని తాకి తిరిగి రావడానికి సెకనులో 20వ వంతు చాలు. పెన్నకి వరదొచ్చి నీళ్లు మట్టిరంగుకి తిరిగినా దీనికి అడ్డు లేదు.

అసలు సంగతి చేప కడుపులోని గాలితిత్తి. తిరిగొచ్చే శబ్దంలో చాలా భాగం చేప కండ నుంచి కాదు, ఆ గాలి నుంచే వస్తుంది. తిరిగొచ్చే శబ్దం బలంగా ఉంటే తెర మీద ఎర్రగా పడుతుంది. కవళ్ళకి, నెత్తళ్ళకి తిత్తి ఉంటుంది కాబట్టి గుంపు బాగా ఎర్రగా పడుతుంది. వంజరానికి అసలు తిత్తే లేదు. మార్కెట్లో అంత ధర పలికే చేప తెర మీద పలచని గీతలా పోతుంది! ఎరుపు ఎక్కువైతే డబ్బు ఎక్కువని అనుకోకండి.

రామాయపట్నం ఎదురుగా ఒక తెల్లవారుజామున తెర మధ్యలో ఎర్రటి ముద్ద, అంచున పసుపు కనబడ్డాయి. మేం దగ్గరికి వెళ్లేసరికి ముద్ద పలచబడి కిందికి జారింది. బోటు నడిపే సరంగు మామ వెంటనే ఇంజను తగ్గించమన్నాడు, "చప్పుడుకి దిగిపోతున్నాయి" అని. చేప తల కిందికి పెట్టి దిగేటప్పుడు తిత్తి వాలు మారుతుంది, అప్పుడు ప్రతిధ్వని కూడా బలహీనమవుతుంది. గుంపు తగ్గలేదు, తెర మీద తగ్గినట్టు కనబడిందంతే. వల తీస్తే కవళ్ళు, మధ్యమధ్యలో పార చేపలు.

ఎంత ఉందో లెక్కగట్టడం పరిశోధన ఓడల పని. ముందు టంగ్‌స్టన్ కార్బైడ్ గోళాన్ని ట్రాన్స్‌డ్యూసర్ కింద వేలాడదీసి, దాని ప్రతిధ్వనితో పరికరాన్ని సరిచూస్తారు. తర్వాత సముద్రంలో వరసలు వరసలుగా తిరుగుతూ వచ్చిన మొత్తం ప్రతిధ్వనిని ఒక్క చేప ఇచ్చే ప్రతిధ్వనితో భాగిస్తారు. ఆ ఒక్క చేప ఏదో, ఎంత సైజో తెలియాలంటే వాళ్లూ వల వేసి చూడాల్సిందే. 1970ల్లో కొచ్చి కేంద్రంగా నడిచిన పెలాజిక్ (పైనీళ్లలో తిరిగే చేపల) ఫిషరీ ప్రాజెక్టు పశ్చిమ తీరంలో కవళ్ళనీ కానాగంతలనీ ఇలా శబ్దంతో సర్వే చేసింది.

మీ బోటుకి 50, 200 కిలోహెర్ట్జ్ శబ్దాలు రెండూ పంపగలిగేది తీసుకోండి. మన తీరంలో ఫైబర్ బోట్లు తిరిగే లోతుకి 200 సరిపోతుంది, చిన్న గుంపులు విడివిడిగా కనబడతాయి. ట్రాన్స్‌డ్యూసర్‌కి ప్రొపెల్లర్ బుడగలు తగలకూడదు, ఎందుకంటే గాలి బుడగలు కూడా చేపల్లాగే ఎర్రగా పడతాయి. నేలకి అంటుకున్న చేప నేల గీతలో కలిసిపోతుంది. ట్రాన్స్‌డ్యూసర్‌కి పైన ఈదే కవళ్ళు అసలు పడవు. అందుకని మీ నాన్నగారు నీటి రంగు, పక్షులు చూసే అలవాటు మానకూడదని నా గట్టి అభిప్రాయం. వల వేసే ముందు తెరని ఫోన్లో ఫోటో తీసి, పడిన చేప పేరు, బారల లోతు దాని పక్కన రాసి పెట్టుకోండి.